తాను సంతకం పెట్టిన ఫ్యాక్టరీలోనే రిటైరయ్యాక సలహాదారు: ఇందులో తప్పుందా?

విభాగం: ఉద్యోగం, పెన్షన్, నిబంధనలు
తిరుపతి, చిత్తూరు జిల్లాల సభ్యుల చర్చ

అలిపిరి_మెట్లు (తిరుపతి) | శుక్రవారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా ఇంట్లో తెగని వాదన ఒకటి మీ ముందు పెడుతున్నాను.

మా మామగారు పరిశ్రమలకు అనుమతులిచ్చే ఒక రాష్ట్ర శాఖలో చాలాకాలం పనిచేసి, ఈ మధ్యే 62 నిండి రిటైరయ్యారు. చేయి చాపే మనిషి కాదు. ఆయనంటే పడనివాళ్లు కూడా ఆ మాట ఒప్పుకుంటారు. ఇప్పుడు రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీ వాళ్లు సలహాదారుగా రమ్మంటున్నారు. పెన్షన్‌కి రెట్టింపు జీతం, కారు వాళ్లే పంపిస్తారట. చిక్కెక్కడంటే, ఆ ఫ్యాక్టరీ విస్తరణ ఫైలు ఆయన టేబుల్ మీదుగానే పోయింది.

"రూల్ ప్రకారమే సంతకం పెట్టినాను. ఒక కొర్రీ కూడా వేసినాను, వాళ్లు సరిచేసుకున్నాకే ఇచ్చినాను. నా అనుభవానికి నేను కూలి తీసుకుంటే మీకేం నొప్పి?" అంటారు ఆయన. మా ఆవిడ వాళ్ల నాన్న పక్షం. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంటోంది. చట్టం ఏమంటుంది, న్యాయం ఏమంటుంది, రెండూ చెప్పండి. శాఖ పేరూ ఫ్యాక్టరీ పేరూ మాత్రం అడగొద్దు.

పులిచెర్ల_రెడ్డెప్ప | శుక్రవారం రాత్రి 9.58

ఏముందప్పా ఇందులో? ఓపికున్న మనిషి. ఇంట్లో కూర్చుని సీరియళ్లు చూడాల్నా? లంచం తిన్నోళ్లు బయట దర్జాగా తిరుగుతా ఉంటే, తినని మనిషి నెలజీతానికి పోతానంటే మీరు పంచాయితీ పెడతా ఉండారు. మీ మామను పోనీండి సామీ.

పాత_సూపరింటెండెంట్ (చిత్తూరు) | శుక్రవారం రాత్రి 10.35

న్యాయం తర్వాత, ముందు రూల్ సంగతి చూద్దాం. నా సర్వీసంతా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే గడిచింది. పెన్షన్ కాగితాలు చూసీ చూసీ కళ్లద్దాల నంబరు పెరిగింది.

ఐఏఎస్, ఐపీఎస్ వాళ్లకు 1958 నాటి రిటైర్మెంట్ ప్రయోజనాల నిబంధనల్లో 26వ నిబంధన ఉంది. రిటైరైన ఏడాది లోపల ప్రైవేటు ఉద్యోగంలో చేరాలంటే కేంద్రం నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. ఒకప్పుడు ఈ గడువు రెండేళ్లు, తర్వాత ఏడాదికి దించారు. కేంద్రంలోని గ్రూప్-ఎ, అంటే పై స్థాయి అధికారులకు 1972 పెన్షన్ నిబంధనల్లోని 10వ నిబంధన ఇదే చెప్పేది. వాటి స్థానంలో ఇప్పుడు 2021 నిబంధనలు వచ్చాయి.

అనుమతి ఇచ్చేముందు చివరి మూడేళ్లలో ఆ ఆఫీసరు చూసిన పనికీ, చేరబోయే సంస్థకూ ముడి ఉందా అని చూస్తారు. బయటికి పోకూడని సమాచారం ఆయన దగ్గర ఉందా అనీ చూస్తారు. అనుమతి లేకుండా చేరితే పెన్షన్ మొత్తం గానీ కొంత గానీ ఆపేయొచ్చు. నెలజీతం తీసుకుంటేనే ఉద్యోగం అనుకోవద్దు. తగిన వృత్తి అర్హత లేకుండా, కేవలం సర్వీసు అనుభవం చూపించి కన్సల్టెంటుగా బోర్డు కట్టుకున్నా ఆ కిందికే వస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. దరఖాస్తు పెట్టాక నిర్ణీత గడువులోగా ప్రభుత్వం కాదనకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. మన ఆఫీసుల్లో ఫైలు నడక తెలిసినవాళ్లకు అది ఎవరికి లాభమో చెప్పక్కర్లేదు.

ఇక మీ మామగారు రాష్ట్ర ఉద్యోగి. మన రాష్ట్ర పెన్షన్ నిబంధనలు 1980 నాటివి. వాటిలోనూ ఈ వాణిజ్య ఉద్యోగం సంగతి ఉంది. ఆయన హోదాకు ఎలా వర్తిస్తుందో ఆయన శాఖకే కాగితం రాసి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోమనండి. ఫోన్లో "ఏం పర్వాలేదు సార్" అన్న మాట రేపు ఆడిట్ ముందు చెల్లదు.

క్వారీ_పక్క_ఊరు | శనివారం ఉదయం 6.50

నేను ఇటుపక్క నుంచి చెప్తాను. మా మండలంలో ఒక కంపెనీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినారు. షామియానా, పోలీసులు, మైకు, అన్నీ ఉన్నాయి. బోరు నీళ్ల సంగతి, రాత్రిపూట పేలుళ్లకు గోడలు చిట్లుతున్న సంగతి మా ఊరి ఆడవాళ్లు లేచి చెప్పినారు. వేదిక మీద ఒక ఆఫీసరు అంతా ఓపిగ్గా రాసుకున్నాడు. మమ్మల్ని ఒక్క మాట కసరలేదు. మంచాయనే అనుకున్నాం.

తర్వాత కొన్నాళ్లకు బోరు గురించే అడగడానికి ఆ కంపెనీ ఆఫీసుకు పోతే, లోపల కుర్చీలో ఆయనే ఉన్నాడు. రిటైరయ్యాడంట, ఇప్పుడు కంపెనీ తరఫున ఊళ్లతో మాట్లాడే పని ఆయనదే. మమ్మల్ని గుర్తుపట్టి టీ కూడా తెప్పించినాడు.

ఆయన తప్పు చేసినాడని నేను అనలేను. రాసుకున్నదంతా రిపోర్టులో పెట్టే ఉండొచ్చు. కానీ మా ఊళ్లో ఇప్పుడు ఎవరూ నమ్మరు. మళ్లీ అట్లాంటి మీటింగ్ పెడితే, "రాసుకుంటున్నాయన రేపు యాడ కూర్చుంటాడో" అని నవ్వుతారు. ఎవరూ పోరు కూడా.

మామిడి_గుజ్జు (బంగారుపాళ్యం) | శనివారం ఉదయం 8.15

ఫ్యాక్టరీ వాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. నాది చిన్న యూనిట్. తోతాపురి దిగుబడి ఉన్న ఆ రెండు మూడు నెలలే మాకు బతుకు. ఆ టైములో ఏ ఒక్క అనుమతి రెన్యువల్ ఆగినా గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి, కాయ మాగిపోతుంది, రైతు మమ్మల్ని తిడతాడు.

మాకు ఒక రిటైర్డ్ ఇంజినీరు సాయం చేస్తాడు. కడుగుడు నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు మా దగ్గర మొదట్లో సరిగా పనిచేసేది కాదు. పంపు తప్పు చోట పెట్టామని, ట్యాంకు కొలత చాలదని చెప్పి సరిచేయించింది ఆయనే. ఆ తర్వాతే మాకు వాసన పోయింది, కింద చేలవాళ్ల ఫిర్యాదులూ పోయినాయి. ఈ తెలివి ఆయనకు సర్వీసులోనే వచ్చింది. అది ఇంట్లో పెట్టి తాళం వేస్తే ఎవరికి లాభం? పెద్ద కంపెనీకి హైదరాబాదు నుంచి కన్సల్టెన్సీ వస్తుంది. మాబోటి వాళ్లకు దిక్కు ఈ రిటైరైన పెద్దమనుషులే.

దాచకుండా ఇంకో మాట కూడా చెప్తా. ఆయన వెంట ఉంటే ఆఫీసులో పని తొందరగా అవుతుంది. అది కూడా ఆయన ఫీజులోనే ఉంది.

పులిచెర్ల_రెడ్డెప్ప | శనివారం ఉదయం 8.31

ఆ చివరి మాటలోనే ఉంది కథంతా.

జీవకోన_జ్యోతి (అడ్వకేట్, తిరుపతి) | శనివారం ఉదయం 11.05

మామిడి గుజ్జు గారు తెలిసో తెలియకో రెండు సరుకులు విడదీశారు. ట్యాంకు కొలత చెప్పడం ఒకటి, ఆఫీసులో పని తొందరగా అయ్యేలా చూడటం ఇంకొకటి. మొదటిది ఎవరైనా అమ్ముకోవచ్చు, చదివి నేర్చుకున్న విద్య అది. రెండోది ఆయన సొత్తు కాదు. ఆ కుర్చీ జనానిది. కుర్చీ వల్ల వచ్చిన పలుకుబడిని కుర్చీ దిగాక అమ్మడమే అసలు తగాదా. మన నిబంధనలు ఈ రెంటినీ విడదీయకుండా ఏడాది ఆగమంటాయి. 366వ రోజున రెండూ అమ్ముకోవచ్చు.

అమెరికాలో ఈ విషయంలో చట్టం కొంచెం తెలివిగా ఉంది. సర్వీసులో తాను స్వయంగా, ముఖ్యపాత్రలో చూసిన ఒక నిర్దిష్ట వ్యవహారం గురించి, తర్వాత ఇంకొకరి తరఫున ప్రభుత్వం దగ్గరికి పోయి మాట్లాడటం జీవితాంతం నిషేధం. చివరి ఏడాదిలో తన అజమాయిషీ కింద ఉన్న వ్యవహారాలైతే రెండేళ్లు. ఉద్యోగం చేసుకో, ఆ ఫైలు జోలికి మాత్రం పోవద్దు అని దాని అర్థం.

అక్కడే జరిగిన ఒక కేసు చెప్తాను. డార్లీన్ డ్రయన్ అని, అమెరికా వైమానిక దళం కొనుగోళ్లలో చాలా పెద్ద అధికారి. బోయింగ్ కంపెనీతో ట్యాంకర్ విమానాల బేరం ఆవిడ చేతిలో ఉండగానే అదే కంపెనీతో తన ఉద్యోగం గురించీ మాట్లాడుకుంది. ఆవిడ కూతురికి అప్పటికే అక్కడ ఉద్యోగం ఉంది. 2003 జనవరిలో చేరింది. సంగతి బయటపడి నవంబరులో కంపెనీయే తీసేసింది. 2004లో తొమ్మిది నెలల జైలుశిక్ష పడింది. ఉద్యోగం మాట్లాడిన బోయింగ్ ఆర్థిక విభాగాధిపతి మైఖేల్ సియర్స్‌కు నాలుగు నెలలు. ఈ వ్యవహారమూ ఇంకో కేసూ కలిపి 2006లో కంపెనీ 61.5 కోట్ల డాలర్లు కట్టింది.

ఆవిడ రిటైరయ్యాక ఎన్నాళ్లు ఆగిందని ఆ కోర్టు శిక్ష వేయలేదు. కుర్చీలో ఉండగా మాట్లాడుకున్నందుకు వేసింది. కాబట్టి అలిపిరి మెట్లు గారూ, నా ప్రశ్న ఒక్కటే. ఆ ఫ్యాక్టరీ వాళ్లు ఈ మాట మీ మామగారితో మొదట ఎప్పుడు ఎత్తారు? సంతకానికి ముందా, తర్వాతా?

యూనివర్సిటీ_గేటు (గ్రూప్-1 ప్రిపరేషన్) | శనివారం మధ్యాహ్నం 12.20

మేడమ్, మీరంతా ప్రభుత్వం నుంచి ప్రైవేటుకు పోయేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. అటునుంచి ఇటు వచ్చేవాళ్ల సంగతి ఏమిటి? మేం ఇక్కడ రూము అద్దె కట్టి, మెస్సు తిండి తిని ఏళ్లు ఏళ్లు చదువుతాం. అక్కడ కేంద్రంలో బయటివాళ్లను నేరుగా జాయింట్ సెక్రటరీగా తీసుకుంటారు. 2018లో మొదలైన లేటరల్ ఎంట్రీ కింద 2024 నాటికి 63 మందిని తీసుకున్నారు. 2024 ఆగస్టులో 45 పోస్టులకు యూపీఎస్సీ ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్లు లేవని గొడవ కావడంతో మూడు రోజులకే వెనక్కి తీసుకున్నారు. కాంట్రాక్టు అయిపోయాక వాళ్లు మళ్లీ ఏ కంపెనీకి పోతారు? తాము రాసిన పాలసీ వల్ల లాభపడే కంపెనీకే కదా!

పాత_సూపరింటెండెంట్ | శనివారం మధ్యాహ్నం 1.10

నాయనా, నీ బాధ సగం పోటీ పరీక్షది, సగం ఈ చర్చది. రెండోదానికి చెప్తాను. బయటినుంచి రావడం కొత్త కాదు. బీఎస్‌ఈఎస్ అనే ప్రైవేటు కరెంటు కంపెనీ అధిపతిగా ఉన్న ఆర్.వి. షాహిని 2002లో కేంద్రం విద్యుత్ శాఖ కార్యదర్శిగా తీసుకుంది. 2003 విద్యుత్ చట్టం ఆయన ఉండగానే వచ్చింది. ఇన్ఫోసిస్ నుంచి నందన్ నీలేకని 2009లో ఆధార్ సంస్థకు వచ్చారు. వచ్చినందువల్ల ఇబ్బంది లేదు. వచ్చేటప్పుడు షేర్లు, పాత జీతపు బకాయిలు, తిరిగి చేర్చుకుంటామన్న హామీలు ఏమున్నాయో జనానికి చెప్పారా లేదా అన్నదే చూడాలి.

నన్ను అడిగితే వాళ్లకన్నా గమనించాల్సిన వాళ్లు వేరే ఉన్నారు. పేరున్న కన్సల్టెన్సీ సంస్థల పిల్లలు ప్రభుత్వ ఆఫీసుల్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని టెండరు షరతులు టైపు చేస్తుంటారు. వాళ్లు ఉద్యోగులు కారు, వాళ్లకు ప్రవర్తనా నియమావళి లేదు, సర్వీసు రిజిస్టరు లేదు. వచ్చే ఏడాది అదే సంస్థ ఆ టెండరు వేసే కంపెనీకి సలహా ఇస్తే అడిగే నాథుడు ఎవరు?

రుయా_రోడ్డు | శనివారం మధ్యాహ్నం 2.02

పొద్దున గవర్నమెంటు ఆసుపత్రిలో, సాయంత్రం సొంత క్లినిక్‌లో కనిపించే డాక్టర్లను ఏమంటారు? వాళ్లు రోజూ దాటుతున్నారు ఈ గీత. ఇంకా టీటీడీకి డెప్యుటేషన్ మీద వచ్చే ఆఫీసర్లు, ఎన్నికలప్పుడు రాజీనామా చేసి పార్టీలో చేరే కలెక్టర్లు...

మోడరేటర్ | శనివారం మధ్యాహ్నం 2.15

రుయా రోడ్డు గారూ, డెప్యుటేషన్ ప్రైవేటు ఉద్యోగం కాదు. ఆఫీసర్లు ఎన్నికల్లో నిలబడటంపై గడువు పెట్టాలన్న పిటిషన్‌ను 2022లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది, అది చట్టసభలు తేల్చాల్సిన సంగతని చెప్పింది. ఆ చర్చకు వేరే త్రెడ్ ఉంది. డాక్టర్లకూ ఒకటి ఉంది, అందులో ఇప్పటికే కొట్టుకుంటున్నారు. పార్టీల పేర్లు వస్తే ఈ త్రెడ్ మూసేస్తాను.

కాణిపాకం_కృష్ణ (సర్వీసులో ఉన్నాను, శాఖ చెప్పను) | శనివారం రాత్రి 10.48

ఇంతసేపూ చదివాను. రిటైరయ్యేవాళ్ల సంగతి, కంపెనీల సంగతి అందరూ చెప్పారు. ఆ రిటైరైన సార్ ఎవరి టేబుల్ ముందుకు వస్తాడో ఆ మనిషిని ఎవరూ తలుచుకోలేదు. అది నేను.

నేను అసిస్టెంట్ ఇంజినీరుగా చేరినప్పుడు పని నేర్పింది మా పాత సార్. నా పనితీరు మీద రహస్య నివేదిక రాసింది ఆయన. నా పెళ్లికి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు సెలవు ఇవ్వడమే కాదు, ఆసుపత్రికి వచ్చి పలకరించిపోయాడు. అట్లాంటి సార్ ఇప్పుడు ఒక కంపెనీ ఫైలు పట్టుకుని వస్తాడు. గుమ్మంలో కనిపించగానే నేను లేచి నిలబడతాను, ఎదుటి కుర్చీ చూపిస్తాను. అటెండరు అడక్కుండానే కాఫీ తెస్తాడు, ఎందుకంటే ఆయన్ని పెట్టింది కూడా ఈ సారే.

సార్ ఒక్కసారి కూడా "ఇది చెయ్యి" అనడు. "ఏం కృష్ణా, ఇందులో ఏమైనా లోటుందా?" అని మాత్రం అడుగుతాడు. లోటు ఉంటుంది. నేను చెప్తాను. "సరే, తర్వాత కడతారులే, కండిషన్ పెట్టి ఇచ్చేయ్" అంటాడు. కండిషన్ పెట్టి ఇవ్వడం రూల్‌లో ఉన్నదే. మామూలు మనిషి వస్తే, ముందు కట్టుకుని రండి అని పంపిస్తాను. సార్ వస్తే కండిషన్ పెడతాను. ఎక్కడా రూపాయి చేతులు మారలేదు, ఏ రూలూ తప్పలేదు. ఏసీబీ వాళ్లు వచ్చి ఆ ఫైలు తిరగేసినా ఏమీ దొరకదు.

ఒకసారి నేను ఒప్పుకోలేదు. సార్ ఏమీ అనలేదు, నవ్వి వెళ్లిపోయాడు. నాలుగు రోజులకు పైనుంచి ఫోను వచ్చింది, ఆ ఫైలు పైకి పంపమని. పైన ఉన్నాయన కూడా సార్ శిష్యుడే.

గ్రూప్-ఎ, ఐఏఎస్ అని రూల్స్ చెప్పారు. ఐఏఎస్ ఆఫీసరు కంపెనీ బోర్డులో కూర్చుంటాడు, మా ఆఫీసుకు రాడు. మా ఆఫీసుకు వచ్చేవాళ్లు డీఈలు, సూపరింటెండెంట్లు, ఇన్‌స్పెక్టర్లుగా చేసి దిగినవాళ్లు. ఏ ఫైలు ఏ టేబుల్ మీద ఎన్ని రోజులుంటుందో, ఎవరికి ఎప్పుడు చెప్పాలో తెలిసినవాళ్లు. లైజన్ పని అంటారు. కంపెనీలకు కావాల్సింది వీళ్లే. ఎక్కువ రూల్స్ చూసేదేమో పైవాళ్లను.

క్వారీ_పక్క_ఊరు | శనివారం రాత్రి 11.10

కృష్ణా, నీకు దండం. మాకు ఎప్పుడూ "ముందు కట్టుకుని రండి" అనే చెప్పినారు. కండిషన్ పెట్టి ఇవ్వచ్చని ఒకటుందని ఇప్పుడే తెలిసింది.

మామిడి_గుజ్జు | ఆదివారం ఉదయం 7.25

కృష్ణ గారి మాట చదివి నిద్ర సరిగా పట్టలేదు. నా ప్రశ్న మాత్రం అట్లే ఉంది. మామూలు మనిషిని కూడా మీరు కండిషన్ పెట్టి పంపగలిగితే నేను ఆ సార్‌కి ఫీజు ఎందుకు కడతాను? ఏ కాగితం జత చెయ్యాలో, లోటుంటే ఎన్ని రోజుల్లో చెప్తారో బోర్డు మీద తెలుగులో రాసి పెట్టండి. సగం లైజన్ వాళ్లకు ఆ రోజే పని పోతుంది. ఆన్‌లైన్ అన్నారు, సింగిల్ విండో అన్నారు. అప్లోడ్ చేశాక లోపల ఎవరి దగ్గర ఆగిందో కనుక్కోవడానికి మళ్లీ మనిషే కావాలి.

అలిపిరి_మెట్లు | ఆదివారం ఉదయం 10.30

జ్యోతి గారూ, మీరు అడిగిన ప్రశ్న నిన్న రాత్రి భోజనాల దగ్గర మామగారిని అడిగాను. ఆయన తడుముకోకుండా చెప్పారు. ఉగాదికి ఆ ఫ్యాక్టరీ జనరల్ మేనేజరు ఇంటికి వచ్చి, "సార్, రిటైరయ్యాక మమ్మల్ని మర్చిపోకండి, మీలాంటివాళ్లు మాకు కావాలి" అన్నాడట. నవ్వి ఊరుకున్నానన్నారు.

ఫైలు ఎప్పుడు తేలింది అని మా ఆవిడే అడిగింది. ఉగాది తర్వాత. కొర్రీ వేసింది ఉగాదికి ముందు, సంతకం తర్వాత. ఆ మాట చెప్పాక ఆయన చేయి కడుక్కుని లేచిపోయారు. "నేను ఆ మాటకు ఆశపడి సంతకం పెట్టినానని నువ్వు అనుకుంటున్నావా?" అని మా ఆవిడను అడిగారు, నన్ను కాదు. తను లేదంది. నేనూ అనుకోవడం లేదు, నిజంగా. కానీ ఊళ్లో ఎవరైనా అడిగితే ఏం చూపించి నమ్మించాలో మా ముగ్గురికీ తెలియడం లేదు.

పులిచెర్ల_రెడ్డెప్ప | ఆదివారం ఉదయం 10.52

పండగ పూట ఇంటికొచ్చినోడు మర్యాదకు ఒక మాట అంటే అది కూడా నేరమేనా? మన సీమలో అట్లా మాట్లాడకపోతే పొగరనుకుంటారు.

జీవకోన_జ్యోతి | ఆదివారం మధ్యాహ్నం 12.15

నేరం కాదు రెడ్డెప్పగారూ. అలిపిరి మెట్లు గారి మామగారు లంచగొండి అని కూడా ఎవరూ అనరు. అయితే మర్యాదకు అన్న మాట మర్యాదగానే ఆగిపోలేదు కదా, కారుతో సహా నిజమైంది. ఆ మాట విన్న మర్నాడు ఆయన పై అధికారికి రెండు వాక్యాలు రాసి, ఫైలు ఇంకొకరికి అప్పజెప్పమని అడిగి ఉంటే ఈ రోజు ఎవరికీ జవాబు చెప్పుకోవాల్సిన పని ఉండేది కాదు. మన సర్వీసుల్లో ఈ అలవాటు లేదు. కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం, గ్రూప్-ఎ అధికారి తన అధికార పరిధిలో వ్యవహారాలున్న కంపెనీలో కొడుకో కూతురో చేరడానికి ముందే అనుమతి తీసుకోవాలి. కొడుకు ఉద్యోగం గురించి అంత పట్టింపు ఉంది. తనకే ఆ కంపెనీ కుర్చీ చూపిస్తే వెంటనే చెప్పాలన్న పట్టింపు కూడా అంత గట్టిగా ఉండాలి.

గడువు ఎన్నాళ్లన్నది కంపెనీని బట్టి ఉండాలని నా పట్టు. కంపెనీల మధ్య పోటీ సరిగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ సభ్యులకు 2002 చట్టంలో 12వ సెక్షన్ అలాగే ఉంది. పదవి దిగిన రెండేళ్లపాటు, కమిషన్ ముందు కేసుల్లో పార్టీగా ఉన్న సంస్థల్లో చేరకూడదు. మిగతాచోట్లకు పోవచ్చు. ఇదే కొలత జిల్లా స్థాయి దాకా తెస్తే ఆ మామగారు ఈ ఒక్క ఫ్యాక్టరీకి పోకూడదు. మామిడి గుజ్జు గారి యూనిట్‌కి నిక్షేపంగా పోవచ్చు.

మామిడి_గుజ్జు | ఆదివారం మధ్యాహ్నం 12.28

పంపండి మేడమ్, రేపే చేర్చుకుంటా. కారు మాత్రం లేదు, బంగారుపాళ్యం బస్సు ఉంది.

పాత_సూపరింటెండెంట్ | ఆదివారం సాయంత్రం 5.40

ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. చివరి ఏడాదిలో ఆఫీసరు చూపు కంపెనీ వైపు తిరిగితే ప్రమాదమని అంటున్నాం. ఆ చూపు ప్రభుత్వం ఇచ్చే ఇంకో పదవి వైపు తిరిగినా అంతే ప్రమాదం. రాజ్యాంగం రాసినవాళ్లకు ఈ భయం ఉంది. కాగ్ పదవి చేసినవాళ్లు తర్వాత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కింద ఏ పదవీ తీసుకోకూడదని 148వ అధికరణం. యూపీఎస్సీ చైర్మన్‌కూ అదే కట్టడి, 319లో. లెక్కలు చూసేవాడు, ఉద్యోగులను ఎంపిక చేసేవాడు పాలకుడి దయ కోసం చూడకూడదని.

అలాంటి కట్టడే టెలికం నియంత్రణ సంస్థ చట్టంలోనూ ఉండేది. 2014లో ఆ సంస్థ మాజీ చైర్మన్ నృపేంద్ర మిశ్రాను ప్రధాని ముఖ్య కార్యదర్శిగా తీసుకోవడానికి ఆర్డినెన్సు తెచ్చి మరీ దాన్ని సడలించారు. ఆయన సమర్థత మీద నాకు సందేహం లేదు. ఒక మనిషి కోసం గడువు సడలించాక, మిగతావాళ్లకు ఆ గడువు అడ్డంకిగా కనిపిస్తుందే గానీ కట్టుబాటుగా కనిపించదు.

అలిపిరి_మెట్లు | సోమవారం రాత్రి 9.05

మామగారు ఈ రోజు శాఖకు ఉత్తరం రాశారు. సూపరింటెండెంట్ గారు చెప్పినట్టు, ఈ ఉద్యోగానికి అనుమతి కావాలా, కావాలంటే ఇస్తారా అని. ఉగాది నాటి మాట, కొర్రీ వేసిన తేదీ, సంతకం పెట్టిన తేదీ మూడూ అందులో పెట్టారు. టైపు చేసింది మా ఆవిడ. ఫ్యాక్టరీ వాళ్లకు జవాబు వచ్చేదాకా రానని చెప్పేశారు. వాళ్లు "అంత అవసరమా సార్" అన్నారట. ఆయనకు నా మీద ఇంకా కోపంగానే ఉంది, కాఫీ మాత్రం కలిసే తాగుతున్నాం.

జీవకోన_జ్యోతి | సోమవారం రాత్రి 9.20

రసీదు తీసుకున్నారా? ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోమనండి. ఒకవేళ అనుమతి వచ్చి చేరినా, ఆ విస్తరణ ఫైలు మీద గానీ దాని కండిషన్ల మీద గానీ శాఖకు పోయి మాట్లాడనని నియామకపు ఉత్తరంలోనే ఒక షరతు రాయించుకోమని నా సలహా. అది ఒప్పుకోకపోతే వాళ్లు దేనికి జీతం ఇస్తున్నారో ఆయనకే అర్థమవుతుంది.

కాణిపాకం_కృష్ణ | సోమవారం రాత్రి 10.02

సూపరింటెండెంట్ సార్, ఒక అనుమానం. రూల్ దాటితే పెన్షన్ ఆపుతారు అన్నారు. మేం 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాళ్లం, సీపీఎస్ కింద, అంటే జీతంలోంచి వాటా కట్టే పెన్షన్ పథకంలో ఉన్నాం. రేపు నేను రిటైరైన వారానికే కంపెనీలో చేరితే నా దగ్గర ఏం ఆపుతారు? రాజీనామా చేసి పోయేవాళ్ల సంగతేమిటి?

పాత_సూపరింటెండెంట్ | సోమవారం రాత్రి 10.30

రాజీనామా చేసినవాడికి పాత సర్వీసే పోతుంది, వాడు పెన్షనరు కాడు. ఇక ఆపేదేముంది. మీ సీపీఎస్ డబ్బు మీ ఖాతాలో, మీ పేరు మీద, మార్కెట్‌లో ఉంటుంది. ఈ రూల్స్ రాసిన రోజుల్లో ఆఫీసరంటే చచ్చేదాకా పెన్షన్ మీద బతికే మనిషి, అందుకే పెన్షనే పగ్గమైంది. మీ బ్యాచ్‌లు రిటైరయ్యే నాటికి దేన్ని పట్టుకుని ఆపుతారో నాకు ఎక్కడా కనిపించడం లేదు. నువ్వు దీని మీద వేరే త్రెడ్ తెరువు కృష్ణా. సీపీఎస్ అని పేరు పెట్టు, జనం వాళ్లే వస్తారు.

పులిచెర్ల_రెడ్డెప్ప | సోమవారం రాత్రి 10.41

నేను మొదట వస్తా.